చెట్ల మధ్య డిస్క్ గోల్ఫ్: మొదటి పన్నెండు మీటర్లే అసలు ఆట

మీరు అడిగింది ఇది: డిస్క్ గోల్ఫ్, అంటే పళ్లెంలాంటి డిస్క్‌ను విసిరి వీలైనంత తక్కువ త్రోల్లో గొలుసుల బాస్కెట్‌లో పడేసే ఆట, నాలుగు నెలలు ఖాళీ మైదానంలో ఆడారు. డ్రైవర్‌తో, అంటే దూరం కోసం వాడే వేగమైన డిస్క్‌తో, 80 మీటర్ల దాకా వేస్తున్నారు. ఇప్పుడు ఒక పబ్లిక్ పార్కులో, చెట్ల మధ్య ఉన్న 18 హోల్స్, అంటే 18 బాస్కెట్ల, కోర్సుకు వచ్చారు. దాదాపు ప్రతి హోల్‌లోనూ మొదటి చెట్టుకే డిస్క్ తగులుతోంది. పొదల్లో పడితే బయటికి రావడానికే మూడు నాలుగు త్రోలు పోతున్నాయి. ఇంకా మంచి డ్రైవర్ కొనాలా అని అడిగారు. పార్కులో నడిచేవాళ్లు కనబడితే టెన్షన్‌తో చెయ్యి బిగుసుకుపోతోందని కూడా రాశారు.

నేను పదిహేనేళ్లుగా ఆడుతున్నాను, అందులో ముప్పాతిక వంతు చెట్ల కిందే. కొత్త డ్రైవర్ కొనకండి. ఉన్న డ్రైవర్‌ని కూడా కొన్నాళ్లు బ్యాగులోంచి తియ్యకండి. మీ చేతిలో లోపం ఉందని నాకు అనిపించడం లేదు. 80 మీటర్లు వేసే చెయ్యి చెట్ల కోర్సుకు బాగా సరిపోతుంది. మారాల్సింది మీ చూపు.

మైదానంలో టీ మీద, అంటే మొదటి త్రో వేసే చోట, నిలబడగానే కళ్లు బాస్కెట్ మీదికి పోతాయి, అది సహజం. అడ్డం ఏమీ లేదు కాబట్టి అక్కడ అది సరిపోతుంది కూడా. చెట్ల మధ్య మొదటి త్రోకు బాస్కెట్ మీ గురి కానే కాదు. మీకు దగ్గర్లో, పది పదిహేను మీటర్ల లోపల, రెండు మానుల మధ్య ఒక సందు ఉంటుంది. అదే గురి. ఆ సందు దాటాక డిస్క్ ఎక్కడ ఆగితే రెండో త్రోకు దారి దొరుకుతుందో చూసుకోవాలి. బాస్కెట్ సంగతి ఆ తర్వాత.

ఇది మాట వరసకు చెప్పడం లేదు, లెక్క వేసి చూడండి. మీకు 12 మీటర్ల దూరంలో 3 మీటర్ల వెడల్పున్న సందు ఉందనుకుందాం. డిస్క్ వెడల్పు 21 సెంటీమీటర్ల చిల్లర. అది పోగా, సందు నడుమకు గురిపెడితే కుడికి ఆరున్నర డిగ్రీలు, ఎడమకు ఆరున్నర డిగ్రీలు తప్పినా డిస్క్ దూరిపోతుంది. అదే 3 మీటర్ల సందు 40 మీటర్ల దూరంలో ఉంటే మీకున్న వెసులుబాటు ఇటు రెండు డిగ్రీలు, అటు రెండు డిగ్రీలు, అంతే. అందుకే దగ్గరి సందు అందరికీ అందుతుంది. దూరపు సందు బాగా ఆడేవాళ్లకు కూడా ప్రతిసారీ అందదు. మీరు దగ్గరి చెట్టుకు తగులుతున్నారంటే ఆరున్నర డిగ్రీల తేడా మీ చేతిలో ఉందని కాదు. మీరు ఆ సందుకు గురిపెట్టడం లేదు, దాని వెనకాల ఎక్కడో ఉన్న బాస్కెట్‌కు గురిపెడుతున్నారు. మొదటి చెట్టు ఆ గీత మీద నిలబడి ఉంది.

టీ దగ్గర ఇంకో పొరపాటు అందరూ చేస్తారు. టీ ప్యాడ్ నడిమధ్యలో నిలబడి వేస్తారు. నడిమధ్యలోనే నిలబడాలన్న నియమం ఎక్కడా లేదు. త్రో వదిలేటప్పుడు కాళ్లు టీ లోపల ఉంటే చాలు. ఎడమ మూలకు జరిగితే కుడి చెట్టు వెనక దాక్కున్న దారి తెరుచుకుంటుంది, కుడి మూలకు జరిగితే ఎడమ దారి. నేను ఇప్పటికీ తెలియని కోర్సుకు వెళ్తే ప్రతి టీ మీదా ముందు ఎడమ చివర నిలబడి చూస్తాను, తర్వాత కుడి చివర. తర్వాత కొంచెం వంగి, డిస్క్ చేతిలోంచి వదిలే ఎత్తు నుంచి చూస్తాను. ఈ మూడోది చాలా ముఖ్యం. నిలబడ్డప్పుడు మన కన్ను నేలకు అయిదడుగుల పైన ఉంటుంది, డిస్క్ ఛాతీ ఎత్తు నుంచి బయలుదేరుతుంది. కంటికి ఖాళీగా కనిపించిన చోట ఛాతీ ఎత్తున ఒక కొమ్మ అడ్డంగా ఉండొచ్చు. అలాగే కంటికి కొమ్మలు అడ్డొచ్చిన చోట వాటి కింద శుభ్రమైన దారి ఉండొచ్చు.

డిస్క్‌ల విషయానికి వద్దాం. చాలా డిస్క్‌ల మీద నాలుగు అంకెలు ఉంటాయి: స్పీడ్ (వేగం), గ్లైడ్ (గాలిలో తేలడం), టర్న్ (మొదట్లో ఒక పక్కకు తిరగడం), ఫేడ్ (చివర్లో రెండో పక్కకు వాలడం). మీరు డ్రైవర్ అని రాసింది డిస్ట్రాయర్ లాంటి 12 స్పీడ్ డిస్క్ అయ్యుంటుందని నా అంచనా, మొదట్లో అందరూ అదే కొంటారు. ఆ స్పీడ్ అంకె, ఆ డిస్క్ రాసినట్టు ఎగరాలంటే చేతిలోంచి ఎంత వేగంతో బయలుదేరాలో చెబుతుంది. 80 మీటర్ల చేతికి ఆ వేగం ఉండదు. తగిన వేగం లేని డ్రైవర్ నేరుగా పోకుండా త్వరగా పక్కకు వాలిపోతుంది. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ (చెయ్యి ఒంటికి అడ్డంగా వెనక్కి తీసి వేసే త్రో) అయితే ఎడమకు. మైదానంలో ఆ వాలు మీకు నష్టం చెయ్యలేదు, పడ్డచోటికి నడిచి వెళ్లారు. చెట్ల మధ్య ఆ వాలు చివర ఒక మాను ఉంటుంది.

బదులుగా పుట్టర్ (దగ్గరి త్రోలకు వాడే నెమ్మదైన డిస్క్), మిడ్‌రేంజ్ (మధ్య దూరాలకు వాడేది) తియ్యండి. ఏవియార్ లాంటి 2 స్పీడ్ పుట్టర్, బజ్ లాంటి 5 స్పీడ్ మిడ్‌రేంజ్, ఈ రెండింటితో మొత్తం 18 హోల్స్ ఆడి చూడండి. పుట్టర్‌తో మీకు 50, 55 మీటర్లు వస్తాయి. మిడ్‌రేంజ్‌తో 65 రావచ్చు. చెట్ల కోర్సులో చాలా పార్ 3 హోల్స్‌కి, అంటే మూడు త్రోల్లో ముగించాల్సిన వాటికి, అది చాలినంత దూరం. ఇంకొక్కటి కావాలంటే లెపర్డ్ లాంటి 6 స్పీడ్ ఫెయిర్‌వే డ్రైవర్. దాని అంకెలు 6, 5, -2, 1. అంటే తక్కువ వేగానికి కూడా నేరుగా పోతుంది, చివర్లో పెద్దగా వాలదు. నెమ్మదైన డిస్క్‌ల ఇంకో గుణం చెట్టుకు తగిలినప్పుడు తెలుస్తుంది. 12 స్పీడ్ డ్రైవర్ మానుకు కొట్టుకుంటే పక్కకు ఇరవై మీటర్లు ఎగిరి పొదల్లో పడుతుంది. పుట్టర్ "టక్" మని తగిలి అక్కడే కింద పడుతుంది. ఫెయిర్‌వే (టీ నుంచి బాస్కెట్ దాకా ఉన్న ఖాళీ దారి) పక్కనే ఉంటారు, రెండో త్రోకు దారి ఉంటుంది.

ఎత్తు గురించి. మైదానంలో ఎత్తుగా వేస్తే గాలి మోసుకుపోతుంది. చెట్ల కింద మీకు కప్పు ఉంటుంది, కొమ్మలే కప్పు. ఆ కప్పుకు తగిలే డిస్క్‌ల్లో చాలావాటికి కారణం గురి తప్పడం కాదు, డిస్క్ ముందు అంచు పైకి లేచి ఉండడం. దీన్ని ఆటగాళ్లు నోస్ అప్ అంటారు. ముందు అంచు పైకి ఉంటే డిస్క్ పైకి ఎక్కుతుంది, వేగం పోతుంది, ఎడమకు వాలి పడిపోతుంది. త్రో మొత్తం నేలకు సమాంతరంగా, ఛాతీ ఎత్తున అటునుంచి ఇటు లాగాలి. వదిలేటప్పుడు మణికట్టు కొంచెం కిందికి వంచాలి, పాత్రలోంచి నీళ్లు వంచుతున్నట్టు. ఈ ఒక్క మార్పుకు నాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల తర్వాత నా ఆటలో వచ్చిన తేడా అంతకు ముందు మూడేళ్లలో రాలేదు.

పొడవైన సొరంగంలాంటి ఫెయిర్‌వేలు మీ కోర్సులో ఉంటే, అంటే రెండువైపులా చెట్లు, పైన కొమ్మలు, అరవై డెబ్భై మీటర్లు నేరుగా, వాటికి హైజర్ ఫ్లిప్ నేర్చుకోండి. టర్న్ అంకె -2 ఉన్న డిస్క్‌ని బయటి అంచు కొంచెం కిందికి వాల్చి వదలాలి. తిరుగుడు, వేగం కలిసి దాన్ని మెల్లగా లేపి సమంగా నిలబెడతాయి. అలా నిలబడ్డ డిస్క్ దారం లాగినట్టు నేరుగా పోతుంది. సమంగా వదిలిన డిస్క్ చివర్లో ఏదో ఒక పక్కకు పోతుంది. వాల్చి వదిలినది తన ప్రయాణంలో ఎక్కువ భాగం నేరుగా పోతుంది. మొదట్లో ఎంత వాల్చాలో తెలియదు. అది మైదానంలో నేర్చుకోవాలి, చెట్ల మధ్య కాదు.

ఫోర్‌హ్యాండ్ (అరచెయ్యి ముందుకు పెట్టి ఒంటి పక్కనుంచి వేసే త్రో) మాట కూడా చెప్పాలి. బ్యాక్‌హ్యాండ్‌లో ఒంటిని వెనక్కి తిప్పినప్పుడు ఒక్క క్షణం సందు మీద నుంచి చూపు పోతుంది. ఫోర్‌హ్యాండ్‌లో మొదటి నుంచి చివరిదాకా కన్ను సందు మీదే ఉంటుంది. అందుకే ఇరుకు సందులకు చాలామంది ఫోర్‌హ్యాండే వాడతారు. పైగా కుడిచేతి ఫోర్‌హ్యాండ్ చివర కుడికి వాలుతుంది, బ్యాక్‌హ్యాండ్ ఎడమకు. రెండూ వచ్చినవాడికి కుడికి తిరిగే ఫెయిర్‌వే, ఎడమకు తిరిగే ఫెయిర్‌వే రెండూ ఒకటే.

వేళ్లు పైకి తేలిన నేల మీద, తడిసిన ఆకుల మీద పరుగు అడుగులు వెయ్యకండి. నిలబడి వెయ్యండి. కొంత దూరం తగ్గుతుంది, కానీ వదిలే చోటు మారదు. మీ టీ సిమెంటుదైనా సరే, చెట్ల నీడలో నాచు పట్టి ఉంటే అదే మాట.

"చెట్టులో తొంభై శాతం గాలే" అనే మాట ఈ ఆటలో మీకు చాలాసార్లు వినబడుతుంది. ఏదోలే, గట్టిగా వేస్తే దూరిపోతుంది అని దాని భావం. నేను ఈ మాటకు పూర్తిగా వ్యతిరేకిని. ఒక కొమ్మగుత్తిలోంచి డిస్క్ తగలకుండా పోయే అవకాశం పదికి ఎనిమిది అనుకోండి, చాలా ఉదారంగా. దారిలో అలాంటివి మూడు ఉంటే మూడింట్లోంచీ పోయే అవకాశం పదికి అయిదుకు దిగిపోతుంది. నాలుగు ఉంటే నాలుగు. గాలి ఎంత ఉందన్నది కాదు ప్రశ్న, వరసగా ఎన్ని పొరలు దాటాలన్నది. ఒక పొర అయితే వెయ్యండి. మూడు పొరలైతే వెయ్యకండి.

ఇది నన్ను మీ రెండో బాధకు తెస్తుంది, అంటే పొదల్లోంచి బయటపడడానికి. చెట్టుకు తగలడం వల్ల స్కోరు పాడు కాదు. తగిలాక వేసే రెండో త్రో వల్ల పాడవుతుంది.

నా మూడో ఏడాది జరిగింది చెబుతాను. ఒక చిన్న పోటీ, ఎనిమిదో హోల్, పార్ 3, సుమారు 70 మీటర్లు. అప్పటిదాకా బాగా ఆడుతున్నాను. టీ నుంచి వేసింది ఎడమ పక్క మానుకు తగిలి ఇరవై అడుగులు లోపలికి పడింది. నా డిస్క్ దగ్గరికి వెళ్లి చూస్తే బాస్కెట్ కనబడుతోంది, గొలుసులు కూడా మెరుస్తున్నాయి. మధ్యలో రెండు సన్నటి మానులు, వాటి మధ్య నా చేతి మూర కంటే కొంచెం ఎక్కువ సందు. కుడి పక్కకు తిరిగితే పది మీటర్ల దూరంలో ఫెయిర్‌వే, మధ్యలో ఏమీ లేదు. బాస్కెట్ కనబడడమే నన్ను ముంచింది. ఆ సందులోంచి వేశాను. మానుకు తగిలి నా వెనక్కి పోయింది. కోపంతో ఇంకా గట్టిగా వేశాను. ఈసారి ఇంకా లోపలికి పోయింది. ఆ హోల్ నుంచి 9 త్రోలతో బయటపడ్డాను. పక్కకు ఒక చిన్న త్రో వేసి ఫెయిర్‌వేకి వచ్చి ఉంటే 4, మహా అయితే 5. ఆ పోటీలో నేను ఓడింది మూడు త్రోల తేడాతో.

అప్పటి నుంచి నాకో పద్ధతి ఉంది, మీరూ పెట్టుకోండి. పొదలో డిస్క్ దగ్గరికి వెళ్లాక బాస్కెట్ వైపు చూడకండి. ముందు బాస్కెట్‌కు వీపు పెట్టి నిలబడండి. చుట్టూ తిరిగి, ఎటు వేస్తే ఖాయంగా ఫెయిర్‌వేలో పడుతుందో అది వెతకండి, వెనక్కి అయినా సరే. ఆ దారి దొరికాక, అప్పుడు బాస్కెట్ వైపు తిరిగి, పదిసార్లు వేస్తే ఎన్నిసార్లు దూరుతుందని మిమ్మల్ని మీరు అడగండి. ఏడు అని నిజాయితీగా చెప్పలేకపోతే ఖాయమైన దారిలోనే వెయ్యండి.

పొదల్లో నియమాలు కూడా తెలిసి ఉండాలి, వాటిలో కొన్ని మీకు ఉపయోగపడతాయి. మీ డిస్క్ వెనక అంచు నుంచి, లేదా దాని ముందు గుర్తుగా పెట్టిన చిన్న డిస్క్ (మినీ మార్కర్) వెనక అంచు నుంచి, బాస్కెట్‌కు దూరంగా 20 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు ఉన్న చోటు మీది. త్రో వదిలే క్షణంలో మీ ఒంటిలో ఏదో ఒక భాగం ఆ చోటులో నేలకు ఆనాలి. బాస్కెట్‌కు దగ్గరగా ఏదీ ఆనకూడదు. పాదమే అక్కర్లేదు, మోకాలు కూడా చాలు. దీనివల్ల ఎంత వెసులుబాటో చూడండి: ఒక కాలు అక్కడ ఉంచి, రెండో కాలు పక్కకు వీలైనంత చాచి, మాను పక్కనుంచి చెయ్యి బయటికి తెచ్చి వెయ్యొచ్చు. మోకాలి మీద కూర్చుని కొమ్మల కిందుగా వెయ్యొచ్చు. మోకాలి మీద నుంచి 25 మీటర్లు వెయ్యడం నేర్చుకున్నవాడికి పొదలంటే సగం భయం పోతుంది.

కొమ్మలు విరవకూడదు, చేత్తో పట్టి వంచి పక్కకు పెట్టకూడదు. కొమ్మలు వీలైనంత తక్కువ కదిలేలా నిలబడాలి, నిలబడ్డాక చెయ్యి తిప్పేటప్పుడు కొమ్మ తగిలి కదిలితే తప్పు లేదు. పెద్ద మాను వెనక చిక్కుకుని, మార్కర్ వెనక నిలబడే చోటే లేకపోతే, అదే గీత మీద ఆ అడ్డంకి వెనక్కి వెళ్లి నిలబడొచ్చు, దానికి పెనాల్టీ లేదు. ముళ్లపొదలో అసలు దూరలేని స్థితి అయితే ఒక పెనాల్టీ త్రో తీసుకుని, బాస్కెట్ నుంచి మీ డిస్క్ మీదుగా వెళ్లే గీత మీద ఎంత వెనక్కైనా జరగొచ్చు. ఒళ్లు గీరుకుని రెండు త్రోలు పోగొట్టుకునే కంటే ఇది మేలు. డిస్క్ కొమ్మల్లో ఇరుక్కుంటే దానికి నేరుగా కింద నేల మీద మీ చోటు. రెండు మీటర్ల పైన ఇరుక్కుంటే పెనాల్టీ అని కొందరు చెబుతారు. పోటీ నిర్వాహకుడు ముందుగా ప్రకటిస్తేనే అది వర్తిస్తుంది.

డిస్క్ వెతకడం మీద ఒక మాట. ఆకులు రాలే కాలంలో డిస్క్ నేలను తాకి జారుతూ ఎండుటాకుల కిందికి దూరిపోతుంది, పైన ఒక్క ఆకు కూడా కదిలినట్టు ఉండదు. ఒకసారి నేను నా పాదం పక్కనే ఉన్న డిస్క్ కోసం చుట్టూ వెతికాను. మడమ వెయ్యబోయి ప్లాస్టిక్ మెత్తదనం తగిలితే అప్పుడు ఆగాను. అందుకని త్రో వేశాక మొహం తిప్పుకోకండి, ఎంత చెడ్డ త్రో అయినా సరే. చివరిసారి డిస్క్ కనబడిన చోట ఒక చెట్టును గుర్తు పెట్టుకోండి: తెల్ల బెరడుది, రెండుగా చీలినది, ఇలా. నేరుగా ఆ చెట్టు వైపే నడవండి. నియమం ప్రకారం వెతకడానికి మూడు నిమిషాలే. దొరక్కపోతే ఒక పెనాల్టీ త్రోతో, ముందు వేసిన చోటి నుంచే మళ్లీ వెయ్యాలి. రంగు కూడా చూసుకోండి. ఎండుటాకుల్లో ఎరుపు, నారింజ కనబడవు, పచ్చటి పొదల్లో ఆకుపచ్చ కనబడదు. లేత నీలం, తెలుపు, గులాబీ మంచివి. డిస్క్ వెనక మీ ఫోన్ నంబర్ రాయండి. డిస్క్ దొరికినవాళ్లలో చాలామంది ఫోన్ చేసి ఇస్తారు.

ఇక నడిచేవాళ్ల గురించి. మీ చెయ్యి బిగుసుకుపోవడం మంచి లక్షణం, దాన్ని పోగొట్టుకోవద్దు. పార్కు అందరిదీ, మనం అందులో ఒక ఆట ఆడుతున్నాం. ఒక డిస్క్ 150 నుంచి 175 గ్రాముల దాకా ఉంటుంది, అంచు గట్టిగా ఉంటుంది. తలకు తగిలితే చిన్న దెబ్బ కాదు. చెట్ల మధ్య ప్రమాదం రెండింతలు, ఎందుకంటే డిస్క్ మానుకు తగిలి ఎటు పోతుందో మీకు తెలియదు, దారి మలుపు వెనక ఎవరు వస్తున్నారో అసలే కనబడదు. నా నియమం చాలా కఠినం: మీ డిస్క్ ఎంత చెడ్డగా పోయినా పడగలిగే చోట మనిషి ఉంటే వెయ్యకండి. ఫెయిర్‌వేలో లేరు కదా అని కాదు, పక్క దారిలో ఉన్నా అంతే. చెయ్యి ఊపి "మీరు వెళ్లండి, నేను ఆగుతాను" అని గట్టిగా చెప్పండి. వాళ్లు దాటాక వెయ్యండి. మలుపు ఉన్న హోల్స్‌లో తోటి ఆటగాణ్ణి మలుపు దగ్గర నిలబెట్టి, దారి ఖాళీగా ఉంటే చెయ్యి ఎత్తమనండి. అయినా డిస్క్ ఎవరివైపైనా పోతే "ఫోర్" (ఈ ఆటలో హెచ్చరిక కేక) అని అరవండి, సిగ్గుపడకండి. పిల్లలు, కుక్కలు ఉన్నచోట ఇంకాస్త ఎక్కువ ఆగాలి. వాళ్లు నేరుగా నడవరు, వెనక్కి పరుగెత్తుకొస్తారు.

ఇలా ఆగడం మీ టెన్షన్‌కి కూడా మందు. దారి ఖాళీ అయ్యిందో లేదో అనుమానంతో వేసిన త్రోనే చెట్టుకు తగులుతుంది. ఖాళీ అయ్యిందని తేలాక, ఒక్క ఊపిరి పీల్చి, సందు చూసి వేస్తే చెయ్యి దానంతట అదే వదులవుతుంది.

ఈ ఆటకు ఇప్పటి రూపం వచ్చింది కూడా ఒక పబ్లిక్ పార్కులోనే, ఓక్ చెట్ల మధ్య. కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో 1975లో మొదటి శాశ్వత కోర్సు వేశారు. దాన్ని వేసిన ఎడ్ హెడ్రిక్ మొదట్లో స్తంభాల్నే గురిగా పెట్టాడు, తర్వాత గొలుసుల బాస్కెట్ తయారుచేశాడు. అంతకు ముందు ఎవరికి వాళ్లు పార్కుల్లో చెట్టు మొదళ్లనూ దీపస్తంభాలనూ గురిగా పెట్టుకుని ఆడుకునేవారు. అంటే చెట్లు ఈ ఆటలో అడ్డంకులు కాకముందు గమ్యాలు. ఈ రోజుకీ ఆటగాళ్లు ప్రత్యేకంగా వెళ్లి ఆడే కోర్సుల్లో, కెంటకీలోని బర్లింగ్టన్ దగ్గరి ఐడిల్‌వైల్డ్ లాంటివి, చెట్ల పార్కులే ఉన్నాయి.

ఆ చెట్లకు మనవల్ల కలిగే నష్టం నాకు బాధగా ఉంటుంది. మీ కోర్సులో ఏదో ఒక టీ ముందు ఉన్న మొదటి చెట్టు దగ్గరికి వెళ్లి, ఛాతీ ఎత్తున చూడండి. టీ వైపు బెరడు నలిగి, అరచేయంత మేర లేత కలప బయటపడి ఉంటుంది. వెనక వైపు బెరడు నిండుగా ఉంటుంది. ఒక్క డిస్క్ చేసిన పని కాదు, వేలసార్లు తగిలిన దెబ్బ. అలా బెరడు చుట్టూ పోతే చెట్టు చచ్చిపోతుంది, ఎందుకంటే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోనే. మంచి కోర్సుల్లో ఆ చెట్ల మొదళ్లకు తాళ్లు గానీ కర్రలు గానీ చుట్టి ఉంచుతారు. మీ కోర్సులో లేకపోతే చూసుకునేవాళ్లకు చెప్పండి. అలాగే అడ్డదారులు తొక్కకండి, ఉన్న బాటలోనే నడవండి. అందరూ అడ్డంగా తొక్కిన నేల గట్టిపడి నీళ్లు ఇంకవు, వేళ్లు బయటపడతాయి.

పుట్టింగ్ (బాస్కెట్‌లో పడేసే దగ్గరి త్రో) మీరు అడగలేదు కాబట్టి ఒక్క మాటే. బాస్కెట్‌కు 10 మీటర్ల లోపల ఉంటే, వేశాక ఒంటి తూకం నిలబెట్టుకున్నట్టు చూపించాకే ముందుకు అడుగు వెయ్యాలి. చెట్ల మధ్య పక్కకు కాలు చాచి పుట్ చెయ్యాల్సి వస్తుంది. ఇంట్లో, మైదానంలో సాధన చేసేటప్పుడే సగం పుట్‌లు కాళ్లు ఎడంగా పెట్టి చెయ్యండి.

సాధన ఎలా చెయ్యాలో చెబుతాను. రెండు కర్రలు గానీ రెండు నీళ్ల సీసాలు గానీ 2 మీటర్ల ఎడంలో పెట్టి, 10 మీటర్ల దూరంలో నిలబడండి. పుట్టర్‌తో, నిలబడి, ఇరవై సార్లు వెయ్యండి. డిస్క్ ఎంత దూరం పోయిందో చూడకండి, సీసాల మధ్యలోంచి పోయిందా లేదా అన్నదే లెక్క. ఇరవైలో పదహారు దాటితే సీసాలను ఒకటిన్నర మీటర్లకు దగ్గర చెయ్యండి. అప్పుడు మిడ్‌రేంజ్ తియ్యండి. వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున చేస్తే నెలలో తేడా తెలుస్తుంది. మైదానంలో దూరం కోసం వేసే వంద త్రోల కంటే ఇవి మీ కోర్సులో ఎక్కువ పనికొస్తాయి.

ఒంటి మీద నిండు పొడవు ప్యాంటు, పట్టున్న అరికాళ్ల బూట్లు, చెయ్యి తుడుచుకోవడానికి ఒక తువ్వాలు. చెట్ల నీడలో మంచు ఆలస్యంగా ఆరుతుంది, పొద్దున పూట ప్రతి త్రోకూ డిస్క్ తుడవాలి. ఇంటికి వచ్చాక కాళ్లు, మోకాళ్ల వెనక ఒకసారి పురుగుల కోసం చూసుకోండి.

వచ్చే రౌండులో పుట్టర్, మిడ్‌రేంజ్ మాత్రమే తీసుకెళ్లి ఆడండి. స్కోరు రాయకండి. దానికి బదులు ప్రతి టీ దగ్గరా మూడు సంగతులు రాసుకోండి: మొదటి సందు ఎంత దూరంలో ఉంది, మీరు టీ మీద ఏ పక్క నిలబడ్డారు, డిస్క్ ఆ సందు దాటిందా లేదా. ఆ పద్దెనిమిది హోల్స్ రాసి పెడితే, ఏ హోల్‌కు ఏ కోణం సరిపోతుందో ఒక్కొక్కటే చూసి చెబుతాను.